పెద్దాట, చందాట

కళ్ళు మూసుకోండి, నేను పిలిచేదాకా తెరవకండి అని చెప్పి నర్సమ్మ వెళ్ళిపోయింది. చుక్కలు చురుక్కుమని, తర్వాత చల్లబడి, ముక్కు వెనక నుంచి జారి గొంతులో చేదుగా తేలాయి. కంట్లో వేసిన మందు నాలుకకి తెలియడమేమిటో, ఈ ఒంట్లో ఏ గదికి ఎక్కడ దొడ్డిదారి ఉందో కట్టినవాడికే తెలియాలి. కంటిపాప పూర్తిగా విచ్చుకోవడానికి గంట పడుతుందట. ఇప్పుడు పదకొండు, అంటే పన్నెండు. మాస్టారు పెట్టిన గడువు కూడా పన్నెండే, ఆయన ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, గంట కొట్టాక పేపరు తీసుకునే అలవాటు లేదు. నా ఓటు ఒక్కటే మిగిలింది. రెండు అటు, రెండు ఇటు, మధ్యలో నేను, కళ్ళు మూసుకుని, ఒళ్ళో ఫైలు, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, కంటాసుపత్రి బల్ల మీద. బైండింగు షాపులో బ్యాంకు పని ఉందని చెప్పి వచ్చాను. అబద్ధాలు ఈ మధ్య చాలా సులువుగా వస్తున్నాయి నాకు.

తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం మేము ఐదుగురం కలిసి ఆడుకుంటున్న ఆన్‌లైన్ ఆట ఈ ఆదివారంతో మూతపడుతోంది, సర్వర్లు ఆపేస్తారట, దుకాణం ఎత్తేసినట్టు. ఐదుగురం అంటే నేను, మా చెల్లి, చెల్లెలి మొగుడు అంటే మా మరిది, మాస్టారు, ఇంకా సైలెన్సర్. సైలెన్సర్ బళ్ళు బాగుచేసే మెకానిక్, అతని మైకులోంచి స్పానర్ల చప్పుడు వస్తుంది తప్ప మాట రాదు, అందుకే ఆ పేరు. మాస్టార్నీ అతన్నీ నేను ఎదురుపడి చూసింది లేదు, కానీ మాస్టారు ఏ మాట దగ్గర దగ్గుతారో ముందే చెప్పగలను. ఇప్పుడు మకాం ఎక్కడికి మార్చాలన్నదే ప్రశ్న. ఒకటేమో కోట్లు కుమ్మరించి నాలుగొందల మంది ఆరేళ్ళు కూర్చుని చేసిన ఆట. ఇంకోటి ఏడుగురు మనుషులు, ఊరూ పేరూ తెలియని వేలమంది దగ్గర ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేసుకుని, చెప్పిన తేదీకి మూడేళ్ళు ఆలస్యంగా బయటికి తెచ్చిన ఆట. రెండిటి అసలు పేర్లూ నోరు తిరగనివి, అందుకని మరిది ఒకదాన్ని పెద్దాట అన్నాడు, ఇంకోదాన్ని చందాట అన్నాడు, అవే అతుక్కుపోయాయి. మాస్టారూ మరిదీ పెద్దాట వైపు, చెల్లీ సైలెన్సరూ చందాట వైపు. మొగుడూ పెళ్ళాలు చెరోవైపు తేలారు, వారం నుంచి వాళ్ళ వంటింట్లో కూడా ఎన్నికల ప్రచారమేనట. సైలెన్సర్ ఓటు కూడా నోటితో వెయ్యలేదు, చందాట బొమ్మ ఒకటి గ్రూపులో పెట్టి ఊరుకున్నాడు.

నన్ను వాళ్ళు వీపక్క అంటారు. రోజంతా పుస్తకాలకి వీపులు కట్టే పని నాది, శనివారం సాయంత్రం వాళ్ళ వీపులు కాసే పని కూడా నాదే. ఐదుగురం నడుస్తుంటే అందరికంటే వెనక నేను, కళ్ళలో వత్తులు వేసుకుని. ముందు ఏముందో వాళ్ళు చూసుకుంటారు, వెనక నుంచీ పక్కల నుంచీ ఏం వచ్చినా నాకు ముందు తెలియాలి, నేను అరవాలి. తొమ్మిదేళ్ళలో నా మీద నమ్మకంతో ఒక్కళ్ళు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. షాపులో నేను కుట్టిన పుస్తకాన్ని ఎవరో కొనుక్కుపోతారు, ఎవరు కుట్టారో వాళ్ళకి అక్కర్లేదు, కానీ శనివారాలు ఒకావిడ వెనకుందని నలుగురు మనుషులు నిశ్చింతగా నడుస్తున్నారు కదా. ఆ నడక కోసమే వారమంతా జిగురు వాసన భరించానేమో.

పక్కన ఎవరో దగ్గారు. కుడి పక్క. ఎడమ పక్క ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు, కళ్ళు తెరిచినా తెలియదు. కళ్ళు మూసుకుంటే తెలుస్తుంది, మన మాటల్లో సగం కళ్ళ మీదే నడుస్తాయని. కళ్ళు నెత్తికెక్కాయంటారు, కళ్ళలో నిప్పులు పోసుకున్నారంటారు, కళ్ళు కాయలు కాచాయంటారు. నెత్తికెక్కిన కళ్ళు నేనెప్పుడూ చూడలేదు గానీ ఈ బల్లల మీద కూర్చున్నవాళ్ళందరివీ కాయలు కాచే ఉంటాయి. పోయిన నెల ఇక్కడికే వచ్చి నేను చేసిన పని తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఏడుపు కూడా వస్తుంది. చూపు ఎంత విశాలంగా ఉందో కొలిచే మిషను ఒకటుంది, తెల్లటి గిన్నెలాంటి దాంట్లో గడ్డం ఆనించి నడిమి దీపాన్నే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడో అక్కడ చిన్న చిన్న వెలుగుచుక్కలు మెరుస్తాయి, మెరిసినప్పుడల్లా చేతిలోని బొత్తాం నొక్కాలి. నాకు బొత్తాం ఇచ్చారు! తొమ్మిదేళ్ళ ఆటగత్తె చేతికి బొత్తామిచ్చి ఓడిపొమ్మంటే ఎలా? రెండు నిమిషాల్లో దాని తాళం పట్టేశాను, ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య ఎంతసేపో లెక్క తెలిసిపోయింది, చుక్క కనపడినా కనపడకపోయినా వేళకి నొక్కుతూ పోయాను. గెలిచాననుకున్నాను. మిషను దగ్గరుండే అమ్మాయి కాగితం చింపి చూసి, “అమ్మా, లైటు రాకముందే నొక్కేస్తున్నారు. ఇదేమీ ఆట కాదు” అంది. చుక్క వెయ్యకుండా ఊరికే ఆగి, అప్పుడు నొక్కేవాళ్ళని పట్టుకునే తెలివి కూడా ఉందట ఆ మిషనుకి. కాగితం మీద నమ్మడానికి వీల్లేదని వచ్చింది. నలభయ్యారేళ్ళ వయసులో పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోయినట్టయింది, అదీ ఎవరి దగ్గర, నా కళ్ళ దగ్గరే. డాక్టరు గారు తిట్టలేదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని రోజూ చుక్కలు వేసుకుని కాపాడుకోవచ్చు, కానీ ఎంత పోయిందో మీరు నిజం చెబితేనే నాకు తెలుస్తుంది అన్నారు.

నిజం చెప్పడం గురించి చందాటవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. ఆ ఏడుగురూ నెలకో ఉత్తరం రాసేవాళ్ళు చందా ఇచ్చినవాళ్ళందరికీ, అందులో నేనూ ఉన్నాను, మొదటి ఏడాదే చేరాను, చెల్లికి కూడా చెప్పకుండా. మామూలుగా ఎవరైనా ఆలస్యమైతే పరిస్థితుల వల్ల అంటారు. వీళ్ళు అలా కాదు. ఆటలో వంతెన తప్పు కట్టాం, మీరు ఎక్కితే కూలదు గానీ చూస్తే కూలేలా ఉంది, అందుకని పడగొట్టి మళ్ళీ కడుతున్నాం, నాలుగు నెలలు పోయాయి, క్షమించండి అని రాశారు ఒకసారి. నేను ఆ ఉత్తరాన్ని షాపులో నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. కుట్టు సరిగ్గా పడలేదని తెలిసీ పైన జిగురు పూసి అట్ట అంటించేసేవాళ్ళని ఎంతమందిని చూశాను, అట్ట అంటించాక ఎవరికీ తెలియదు, విప్పి మళ్ళీ కుట్టేవాడు వెయ్యిమందిలో ఒకడుంటాడు. ఇక్కడ ఏడుగురూ ఆ ఒకడే. సైలెన్సర్‌కి అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు, వాళ్ళు బానెట్ ఎత్తి చూపిస్తారు కదా. చెల్లికి నచ్చడం వేరే, అది ఏదో పక్షి కూత బాలేదని రాస్తే వాళ్ళు జవాబిచ్చి కూత మార్చారు, అప్పట్నుంచి ఆ పక్షి తన సొంత పక్షి అన్నట్టే మాట్లాడుతుంది. అన్నిటికంటే ఆ పొగమంచు. చందాటలో ఎటు చూసినా పొగమంచే, చేతిలో లాంతరు వెలుగు పడినంత మేరే లోకం, ఆ తర్వాత అంతా చెవులతోనే, అడుగుల చప్పుడు, నీళ్ళ చప్పుడు, ఆకు విరిగిన చప్పుడు. ఎందుకలా పెట్టారో కూడా దాచలేదు వాళ్ళు. దూరాన్ని గీసే శక్తి మా ఏడుగురికీ లేదు, అందుకని పొగమంచు పెట్టాం, పెట్టాక అదే మా ఆట అయింది అని రాశారు. లేనితనాన్ని ఇంత తలెత్తుకుని చెప్పినవాళ్ళని నేనెక్కడా చూడలేదు. మొన్న రెండు ఆటలూ రెండు రోజులు ఊరికే ఆడి చూడమని తలుపులు తెరిచినప్పుడు, ఆ పొగమంచులో ఐదుగురం ఒకరి వెనక ఒకరం నడుస్తుంటే నాకు ఒళ్ళు తేలికైపోయింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇంటికొచ్చినట్టుంది అనుకున్నాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే తెలుస్తోంది. అక్కడ అందరికీ నాకు కనిపించినంతే కనిపిస్తుంది.

పెద్దాట అలా కాదు, పెద్దాటంతా దూరమే. మొదటిసారి గుట్ట ఎక్కి నిలబడి చూశాం. కింద లోయ, లోయలో ఏరు, ఏటికి అవతల ఊరు, ఊరికి అవతల కొండలు, కొండల మీద వాన, అది ఇటు నడిచి వస్తోంది, నిజంగా నడిచి వస్తోంది, ముందు ఊరి కప్పులు తడిశాయి, తర్వాత ఏరు చిటపటలాడింది, అది మా దాకా రావడానికి పావుగంట పట్టింది, ఐదుగురం ఏమీ చెయ్యకుండా వాన కోసం నిలబడ్డాం. మరిది గుర్రం జూలులోంచి నీళ్ళు కారుతుంటే వాడు పెళ్ళికొడుకులా మురిసిపోయాడు. మాస్టారైతే ఒక గోడ నీడని కొలిచి, పొద్దు ఎక్కడుందో చూసి, కోణం సరిపోయిందర్రా అని దగ్గారు. ఎక్కడో ఒక తలుపు, ఎవరూ తియ్యని తలుపు, నేను తీసి చూశాను, దాని మడతబందుకి నూనె మరక ఉంది. ఎవరో ఒకరు కూర్చుని ఆ మరక వేశారు, ఎవరూ చూడరని తెలిసీ. డబ్బుంటే ఎవరైనా చేస్తారు అంటుంది చెల్లి. చెయ్యరు. డబ్బుతో మరక వేయించుకోవచ్చు, అంత శ్రద్ధగా వేయించుకోలేరు. ఊరికే ఆడనిచ్చిన ఆ రెండు రోజులూ అయ్యాక ఆట చేసినవాళ్ళ పేర్లు వేశారు, ఇరవై నిమిషాలు వచ్చాయి, వాళ్ళంతా టీకి లేచిపోయారు, నేను చివరిదాకా కూర్చున్నాను, బొమ్మలు గీసినవాళ్ళు, గుర్రాల డెక్కల చప్పుడు పట్టినవాళ్ళు, ఆఫీసు తుడిచినవాళ్ళు, అందరి పేర్లూ. నేను కట్టిన పుస్తకాల్లో ఏ ఒక్కదాంట్లోనూ కుట్టినావిడ పేరు లేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే వచ్చింది. పెద్దవాళ్ళంటే అందరూ పెద్ద మనసు లేనివాళ్ళనుకోవడం కూడా ఒక తేలికైన అబద్ధమే.

వాన చూసిన రోజే, ఆ లోయలోనే, ఏటి ఒడ్డున ఎడమ చేతివైపు రెల్లు పొదల్లోంచి వాడెవడో కత్తి తీసుకుని వచ్చాడు, దాక్కుని కాదు, పరుగెత్తుకుంటూ వచ్చాడు, చెల్లి చనిపోయింది. ఆటలోనే, అయినా అది కేక వేసింది. ఆ తర్వాత మరిది, ఆ తర్వాత అందరం. “వదినా, ఎడమ పక్క! చూడలేదా?” అన్నాడు మరిది. నేను నెట్ పోయిందన్నాను. పాపం అందరూ నమ్మేశారు. మాస్టారు నా రూటరు ఏ గోడకి పెట్టాలో బొమ్మ గీసి పంపించారు. నేను ఆ బొమ్మ ప్రకారం రూటరు మార్చాను కూడా, సిగ్గు లేకుండా, స్టూలు ఎక్కి మేకు కొట్టి. దానికి ముందే తెలుసు నాకు. షాపులో అట్టగుడ్డ ఎడమ మూల వంకరగా అంటుకోవడం, బల్ల మీది గ్లాసు నేను తన్నేసేదాకా అక్కడ లేకపోవడం, వీధిలో నడిచేవాళ్ళు ఉన్నట్టుండి నా భుజం పక్కన మొలవడం. అక్కడ చీకటి ఉంటే బాగుండేది, చీకటిగా ఉందని చెప్పుకోవచ్చు. చీకటి కూడా లేదు, గోడ ఉంటే గోడే సాగి అటు కూడా ఉన్నట్టుంటుంది, ఏమీ పోనట్టే ఉంటుంది, అందువల్లే మోసపోయాను, అందువల్లే మోసం చెయ్యగలిగాను.

చెవిలో టింగుమంది. చెల్లి గొంతు, వెనకాల వాళ్ళ ఆఫీసు లిఫ్టు చప్పుడు. “అక్కా, ఇంకా వెయ్యలేదేం? నీకేది ఇష్టమైతే దానికి వెయ్యి. నా కోసం వెయ్యకు, మీ మరిది కోసం అసలే వెయ్యకు.” నవ్వొచ్చింది, నవ్వితే మూసిన కళ్ళలోంచి మందు కారింది, పక్కావిడ ఏమనుకుందో. నాకేది ఇష్టమైతే దానికట. చందాటకి వేస్తే చెల్లి సంబరపడుతుంది, సైలెన్సర్ ఒక బొటనవేలి బొమ్మ పెడతాడు, మరిది రెండు రోజులు అలుగుతాడు, మాస్టారు మెజారిటీ అంటే మెజారిటీ అంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. పొగమంచులో నేను ఎన్నాళ్ళయినా వీపక్కగా ఉండిపోవచ్చు. చెవులు బాగానే ఉన్నాయి కదా. మంచి ఆట, మంచి మనుషులు, ఆ ఓటు వేసినందుకు నన్నెవరూ తప్పుపట్టరు. అంత మంచి ఆటని నేను దాక్కోవడానికి గోడగా వాడుకుంటాను, అంతే. ఏడుగురు మనుషులు తమకి లేనిదేమిటో వేలమందికి రాసి మరీ చెప్పి కట్టిన పొగమంచులో, నాకు లేనిదాన్ని నలుగురికి చెప్పకుండా దూరి కూర్చుంటాను. వాళ్ళ ఉత్తరాలన్నీ చదివి నేను నేర్చుకున్నది ఇదా? దాని బదులు పెద్దాటకి వేసి, చెప్పకుండా వెనక నిలబడితే ఇంకా ఘోరం, ప్రతి శనివారం ఎవరో ఒకరు నా ఎడమ పక్క నుంచి చస్తారు, నెట్ ఎన్నిసార్లని పోతుంది. ఇంక మానేస్తాను, పని ఎక్కువైంది అని చెప్పడం మూడో దారి. రాత్రంతా ఆ దారే బాగుందనిపించింది. పొద్దున మొహం కడుక్కుంటుంటే మాత్రం శనివారం సాయంత్రం ఆరింటికి నేనొక్కదాన్నే ఏం చేస్తానో ఊహించుకోలేకపోయాను. నాకు వాళ్ళు కావాలి. ఆట ఏదైనా సరే, ఆ నలుగురు కావాలి.

ఈవేళ మిషను ముందు మళ్ళీ కూర్చోబెట్టారు, ఈ మందు వెయ్యకముందు. అదే అమ్మాయి, అదే బొత్తాం. తాళం వెంటనే గుర్తొచ్చింది, వేలు దానంతటదే లేచింది. పళ్ళు బిగపట్టి వేలిని ఆపాను. కనిపిస్తే నొక్కాను, కనిపించకపోతే ఊరుకున్నాను. కుడి కంటి వంతులో టపటపా నొక్కుతున్నంతసేపు హాయిగానే ఉంది. తర్వాత ఎడమ కంటి వంతు, మిషను లోపల చిన్న మర కదిలిన చప్పుడు వినపడుతుంది, ఎక్కడో చుక్క మెరిసే ఉంటుంది, నాకేమీ లేదు. మళ్ళీ మర చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. ఎంతసేపో అలా బొత్తాం పట్టుకుని కూర్చున్నాను, ఒక్కసారి కూడా నొక్కకుండా, ఇన్నేళ్ళలో ఇంత కష్టమైన ఆట ఆడలేదు నేను. అయిపోయాక ఆ అమ్మాయి కాగితం నా చేతికివ్వకుండా ఫైల్లో పెట్టి, ఈసారి బాగా చేశారమ్మా అంది. బాగా చేశానంటే ఎంత పోయిందో సరిగ్గా తెలిసిందని. ఆ కాగితమే ఇప్పుడు నా ఒళ్ళో ఉంది, దాన్ని చదవడానికి కళ్ళు లేవు, గంట వరకూ లేవు.

ఎంతైందో. పక్కావిడని అడిగితే పన్నెండుకి పది నిమిషాలు అంది. నాకేది ఇష్టం? కళ్ళ సంగతి పక్కనపెట్టి, చెల్లినీ మరిదినీ పక్కనపెట్టి, వట్టి నాకు. గుట్ట మీద నిలబడటం ఇష్టం. ఆ వాన నడిచి రావడం ఇష్టం. ఉన్న చూపుతో చూడగలిగినంత దూరం చూడాలని ఉంది, ఇంకొక నలభై శనివారాలో, నాలుగొందల శనివారాలో, చుక్కల మందు ఎన్నాళ్ళు కాపాడితే అన్నాళ్ళు, నాలుగొందల మంది ఓపిగ్గా గీసి పెట్టిన ఆ దూరాన్నంతా చూడాలని ఉంది. చందాటకి ఆదివారాలు ఒక్కదాన్నే వెళ్తాను, వాళ్ళ ఉత్తరాలకి ఈసారి జవాబు కూడా రాస్తాను. ఒక కన్ను సందు చేసి తెరిచాను, ఫోను నూనె కాగితంలోంచి చూసినట్టు తెల్లగా అలుక్కుపోయి ఉంది, కింద కుడి మూల పచ్చటి గుండ్రం, అక్కడే మైకు, వేలితో నొక్కిపట్టాను. పక్కవాళ్ళు వింటారని తెలుసు, విననీ.

“మాస్టారూ, నా ఓటు పెద్దాటకి. ఇంకోటి కూడా చెప్పాలి, అందరూ వినండి. నాకు ఎడమ పక్క కనపడట్లేదు. ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడిది కొంచెం. ఏడాది అయ్యుంటుంది. ఆ రోజు ఏటి దగ్గర నా నెట్ పోలేదు, వాడు వస్తుంటే నాకు కనపడలేదు, అంతే. అబద్ధం చెప్పాను. నేనింక వెనక కాయలేను. ముందు నడుస్తాను, ముందున్నది బాగానే కనిపిస్తుంది. నా వెనక ఎవరైనా ఉండండి.” వేలు తీసేశాను.

వెళ్ళిపోయింది. తిరిగి తీసుకోవడానికి లేదు, ఎక్కడ నొక్కితే చెరుగుతుందో కూడా కనపడదు. పరీక్ష రాసినట్టు లేదు, దొంగతనం చేసినట్టు కూడా లేదు, చాలా బరువు తలమీంచి దించి నేలమీద పెట్టినట్టుంది. ఫోను అరచేతిలో ఒకసారి అదిరింది, మళ్ళీ అదిరింది, తర్వాత ఆగకుండా అదురుతూనే ఉంది, అప్పుడే నర్సమ్మ నా నంబరు పిలిచింది. ఫోను సంచిలో వేసి, ఫైలు చంకలో పెట్టుకుని లేచాను. గది ఎటో చెప్పింది, ఎడమవైపట. అటు ఎవరైనా కూర్చున్నారో, కాళ్ళు చాపుకున్నారో, ఖాళీయో తెలియదు. ఇదివరకైతే ఏమీ లేనట్టే విసవిసా నడిచి తన్నుకుని, చూసుకోలేదండీ అనేదాన్ని.

“కొంచెం జరుగుతారా, నాకు ఇటు కనపడదు” అన్నాను.

ఎవరో జరిగారు.